గులాబుగాడి తాడు

హలో… ఆ, నానే బావా… సెప్పు, ఇనబడతన్నాది…

ఏటి? రొప్పుతన్నానా?… మరి రొప్పనా? నీ కుక్కే… ఆగరా, ఆగు… లాక్కెలిపోతన్నాడు నన్ను… ఒడ్డునే ఉన్నాను. గెడ్డ సముద్రంలో కలిసీ మొగ దాకా ఎల్లి ఎనక్కి వస్తన్నాను… పొద్దు పొడిసి అరగంటయినాది. ఈడు మాత్రం సీకటుండగానే తలుపు గీకడం మొదలెట్టీసినాడు…

నువ్వెక్కడున్నావు?… వీరావల్ రేవులోనేనా? బోటు ఎప్పుడొచ్చినాది?… రాత్రా! మరి రాత్రే ఫోను సెయ్యొచ్చు కదా… ఆ, సరేలే, సేపలు దింపీసరికి ఒల్లు ఊనం అయిపోయుంటాది… మల్లీ ఎప్పుడు ఎల్తారు?… ఈ మద్దేనమేనా? ఐసు ఎక్కించీగానే?… పన్నెండు రోజులా…

అంటే పన్నెండు రోజులు మల్లీ నీ గొంతు ఇనబడదన్నమాట.

ఏం నేదు… ఊరికే అన్నాను.

ఒరే! ఒరే గులాబూ! అటు కాదు… అది ఎవులిదో వలరా, కాలెట్టకు… హలో… ఆ, ఉన్నాను. పీతని సూసినాడు బావా. పీత బొరియలోకి దూరిపోనాది, ఈడు ఎనకాలే ముక్కు దూర్చీసినాడు. మూతినిండా ఇసక… తుమ్ముతన్నాడు… నవ్వు, నవ్వు. నువ్వక్కడ నవ్వుతావు, నా బుజం ఇక్కడ ఊడిపోతన్నాది…

తాడా? నువ్వు కట్టి ఎల్లిన తాడు దసరాకి ముందే కొరికీసినాడు. ఇది లంగరు తాడు… ఆ, పచ్చ నైలానుది. రెండు పేటలేసి పేనినాను… మెడకి కాదు, రొమ్ము మీంచి కట్టినాను. మెడకి కడితే పీక బిగిసి దగ్గుతాడు గానీ లాగడం మానడు… రెండో కొన నా నడుముకి… అవును, నడుముకే! పడితే పడతాను, ఏటి సేస్తాను? ఉత్త సేతుల్తో పట్టుకుంటే అరిసేతులు సీరుకుపోతన్నాయి…

వద్దు బావా, ఆడికి ఇప్పుడు నీ గొంతు ఇనిపించొద్దు. మొన్నోపాలి అలగే ఇనిపించినావు. నువ్వు దగ్గర్లోనే ఉన్నావనీసి ఒడ్డునున్న బోట్లన్నీ వాసన సూసీసి, మద్దేనం దాకా ఏడ్సినాడు… కుక్క ఏడవదేటి? వచ్చి సూడు.

ఆ… జగ్గత్తా!… ఆ, మా ఆయనే, వీరావల్ నుంచి… ఉన్నాదత్తా, తాడు గట్టిగానే ఉన్నాది… నీ కోల్లు ఏ పక్కనున్నాయో సెప్పు, ఆ పక్కకి రాను… ఆ, ఎల్లు, ఎల్లు…

ఇన్నావా? జగ్గత్త మాట ఇంకా అలగే ఉన్నాది… ఎందుకుండదు? మూడు పెట్టలు, ఒక పుంజు! నువ్వెల్లిన పదిరోజులకే… నాను నీల్లకెల్లి వచ్చేసరికి ఆల్ల పెరడంతా ఈకలు. తిననైనా తిన్నాడేటి? ఒకదాన్ని కొరకడం, పడీడం, ఇంకోదాని ఎనక లగెత్తడం. ఆడికది ఆట… పెద్దలు కూర్సుని ఏటన్నారో నీకప్పుడే సెప్పినాను కదా. ఇంకొక్కపాలి ఈ కుక్క తాడు నేకుండా కనబడితే, గణపతిరావు రొయ్యల సెరువుల కాడికి పంపించీడమే అన్నారు. కాపలాకి… ఆ, గొలుసు మీదే. ఎల్లి సూసినాను నాను. అక్కడున్న కుక్కలు గుంజ సుట్టూ తిరిగి తిరిగి నేల గుండ్రంగా గుంటపడిపోనాది… ఈడు అక్కడ ఉంటాడా బావా? వారంలో పిచ్చెక్కిపోడూ?

అందుకే కదా ఈ తిరుగుడు. పొద్దున్న గెడ్డ మొగ, సాయంత్రం సరుగుడు తోట. ఒక్కపూట తిప్పకపోతే ఇల్లు పీకి పందిరేస్తాడు. మీయమ్మ మంచం పట్టీ కొరికీసినాడు, తెలుసా… మొదట్లో నాకు సిగ్గేసీది. ఆడది పనీపాటా నేకుండా కుక్కనేసుకుని ఒడ్డంతా తిరుగుతాదేటి అనీవోరు. ఇప్పుడు ఎవులూ అనరు. నాకూ అలవాటయిపోనాది… ఈడు జొరంతో ఒకరోజు పడుకుంటే నాకే కాల్లు ఆగనేదు, ఇంట్లో ఇటూ అటూ తిరిగినాను.

ఆ, హేమ సెప్పినట్టే సేసినాను. విజయనగరంలో ఆల్ల ఈదిలో ఎవులో కుక్కలకి నేర్పుతారంట, ఆయన్ని అడిగి మరీ సెప్పినాది మీ సెల్లి. ఈలెయ్యాలంట, వస్తే ఎండు రొయ్య పెట్టాలంట… వస్తాడు బావా. తొమ్మిదిపాల్లు వస్తాడు. పదోపాలి ఏదో కదులుతాది, ఆడి కల్లు మారిపోతాయి, ఇంక నువ్వెవులో నానెవులో… సముద్రం అడ్డొచ్చినా ఆగడు. ఆ పదోపాలి ఎప్పుడొస్తాదో మనకి తెలీదు. అదీ ఈడితో బాద.

కోపమా? నాకేటి కోపం… నేదు… నిద్దర నేదు, అంతే. రెండు రాత్రులయినాది… ఏటీ నేదన్నాను కదా!

…అరవనేదు బావా. గాలికి అలగ ఇనబడతాది.

ఎవులు సెప్పినారు నీకు?… మీ బోటులో ధనరాజా? ఓ, ఆడికి ఆల్ల ఇంటోల్లు సెప్పుంటారు… ఆ… ఆ, నిజమే. కూర్మయ్య మావనే తీసీస్తారంట. తొమ్మిదింటికి తాబేల్ల ఆఫీసరు జీపేసుకుని వస్తన్నాడు…

పద్నాలుగేల్లు బావా. పద్నాలుగేల్లు ఈ ఒడ్డుమీద తాబేలు గుడ్లకి కాపలా కాసినాడు. ఊరు లేవకముందే కర్రుచ్చుకుని ఇసక పొడుసుకుంటా ఎల్లడం, గుడ్లు దొరికితే గంపలో తెచ్చి కంచెలోపల పాతడం, పిల్లలు పైకొస్తే నీల్లలో ఒగ్గడం… ఆడమనిషి పోయినాక ఆయనకి ఆ కంచే సంసారం.

అవును, రథసప్తమికి అరసవల్లి ఎల్లినాడు. ఎవులికీ సెప్పకుండానే ఎల్లినాడు, అదే తప్పంటన్నారు. ఊరంతా ఆటోలు కట్టించుకుని ఎల్లినాది, ఆయనా ఎక్కినాడు. కల్లకి ఆపరేసను అయినాక వస్తానని మొక్కుకున్నాడంట సూరిదేవుడికి… ఆ ఒక్కరోజే తాబేలు గూడు పోనాది. మర్నాడు తనే సూసి, తనే ఆఫీసరికి ఫోను సేసి సెప్పుకున్నాడు, నా కాపలా తప్పిపోనాది బాబూ, ఊరకుక్కలు తవ్వీసినాయి అనీసి…

బావా.

బావా, ఒక మాట సెప్పాల.

ఊరకుక్కలు కాదు.

ఒక్క కుక్కే… 

అవును. ఈడే.

హలో… ఉన్నావా?… ఎలగా?

ఎలగంటే… తాడు తెగిపోనేదు, ఊడిపోనేదు. నానే ఇప్పీసినాను. ఈ సేతుల్తోనే ముడిప్పినాను.

నన్ను సెప్పనీ… మద్దెలో అడ్డురాకు, ఆగిపోతే మల్లీ సెప్పనేను… రథసప్తమి పొద్దున్న ఊల్లో ఎవులూ నేరు. మీయమ్మ కూడా జగ్గత్తోల్లతో ఎల్లినాది. ఈడికోసం నాను ఉండిపోయినాను. ఒడ్డంతా కాలీ. మేక నేదు, కోడి నేదు, సేపలు ఆరేసీవోల్లు నేరు. బోట్లన్నీ పైకి లాగీసున్నాయి. ఆటు పోయిన తడి ఇసక, గెడ్డ మొగ దాకా అద్దంలాగ మెరుస్తన్నాది… ఈడు నిలబడి అటే సూస్తన్నాడు. లాగడం నేదు బావా! రోజూ నా నడుము ఇరిసీవోడు, ఆరోజు లాగనేదు. ఒల్లంతా సన్నగా వణుకుతన్నాది. నా మొకం సూస్తాడు, ఒడ్డు సూస్తాడు, మల్లీ నా మొకం సూస్తాడు…

ఐదు నెలలయినాది ఆడు పరుగెట్టి. నాతో వచ్చీది పరుగేటి? నాను ఎంత లగెత్తినా ఆడికది నడకే.

ఒక్కపాలి అనుకున్నాను. సూడ్డానికి ఎవులున్నారు, అనుకున్నాను… ఇప్పీసినాను.

ఏటి సెప్పమంటావు! కాల్లు నేలకి తగిలినట్టే నేదు. అలల్లోకి దూరి, బయటికొచ్చి, నా సుట్టూ ఇంత పెద్ద సుట్టు సుట్టి, మల్లీ ఎల్లిపోయి… సెవులు ఎనక్కి అంటుకుపోనాయి… నాను నవ్వుతన్నాను బావా. ఒక్కదాన్నే, గట్టిగా. సీర ఎగ్గట్టుకుని నానూ పరుగెట్టినాను. పెల్లయినాక నాను పరుగెట్టింది ఆరోజేనేమో…

పిలిస్తే వచ్చినాడు కూడా! గులాబూ అంటే వచ్చినాడు, సెయ్యి నాకినాడు, మల్లీ ఎల్లినాడు. అక్కడే నమ్మీసినాను.

రెండోపాలి పిలిసినాను. రానేదు.

సరుగుడు మొక్కల కాడ ఆగిపోయి, ముందు కాల్లతో తవ్వుతన్నాడు. పీత అనుకున్నాను. తీరా ఎల్లేసరికి…

గుడ్లు బావా. మెత్తటి తెల్ల పెంకులు, ఇసకంతా పచ్చసొన… ముప్పయ్యో నలబయ్యో… నన్ను సూసి తోకాడించినాడు. ఏదో ఘనకార్యం సేసినట్టు.

కొట్టినాను. తాడుతోటే కొట్టినాను. కొడితే ఆడికేటి తెలుస్తాది? ఒగ్గింది నాను కదా.

అప్పుడా… అప్పుడు ఇసక కప్పీసినాను. రెండు సేతుల్తో కప్పీసి, కాల్తో సదును సేసి, ఎల్లిపోయినాను. కిందన ఇంకా మంచి గుడ్లు ఉన్నాయో నేదో కూడా సూడనేదు. రాత్రికి నక్కలొచ్చి మిగిలింది తినీసినాయి…

మన వలలో తాబేలు పడితే బొట్టెట్టి, దండమెట్టి నీల్లలో ఒగ్గుతాం. మా నాన్న ఒకపాలి తాబేలు కోసం కొత్త వల కోసీసినాడు. నాను ఆయన కూతుర్ని. గుడ్లు కప్పీసి ఇంటికెల్లి వంట సేసుకున్నాను.

ఏటి?… ఏటన్నావు, మల్లీ అను.

నోరు మూసుకుని ఉండమంటావా…

ఎవులూ సూడనేదు, నిజమే… ఆయనకి వయసైపోనాది, ఇయ్యాల కాకపోతే రేపైనా మానీయాల, అంటావా? నీకు మాటలు బలే దొరుకుతన్నాయి బావా!… తెలుసు. గులాబు తుపాను నాడు నువ్వే తెచ్చినావు, ఎన్నిపాల్లు సెప్తావు? కరోనా అనీసి ఆ ఏడు నువ్వు వీరావల్ ఎల్లనేదు. బోల్తాపడిన బోటుకింద దొరికినాడు, లుంగీలో సుట్టుకొచ్చినావు, తుపాను పేరే పెట్టినావు… మరి దూది పాలల్లో ముంచి నోట్లో పెట్టింది ఎవులు? నాలుగురోజులు ఒడిలో పడుకోబెట్టుకుంది ఎవులు?… కుక్క నీదే. తాడు ఎవుల నడుముకి ఉన్నాదో సూడు.

సెప్తే తీసుకెల్లిపోతారు. ఆ… నాకు తెలీదేటి? రెండు రాత్రులబట్టి కల్లు మూస్తే ఆ గొలుసే కనబడతన్నాది. కల్లు తెరిస్తే కూర్మయ్య మావ…

నిన్న మన గుమ్మం ముందు నుంచే ఎల్లినాడు. రోజూ ఆగి, గౌరీ, టీ ఉన్నాదేటే అంటాడు కదా. నిన్న ఆగనేదు. మీయమ్మ పిలిసినా తలెత్తనేదు. నాను తలుపు ఎనకాల నిలబడి ఉన్నాను బావా. నా ఇంట్లో నాను దొంగలాగ…

అరవకు… నువ్వంత గట్టిగా అరిస్తే ఆడికి ఇనబడతాది… అదిగో, సెవులు నిక్కబొడిసినాడు… ఒరే… ఒరే, నేడ్రా ఇక్కడ— గులాబూ— ఆగు— అమ్మా!—

…

హలో… హలో… ఆ… పడిపోయినాను… ఏటీ అవనేదు, మోకాలు కొద్దిగా… ఇసకే కదా… ఎక్కడికెల్తాడు, నడుముకి ఉన్నాడు కదా… ఫోను ఎగిరి అటు పడిపోనాది, తుడుస్తన్నాను… నీ గొంతు పట్టీసినాడు. నిలబడి బోట్లకేసి సూస్తన్నాడు, నువ్వు దిగి వస్తావనీసి…

రా… రారా. ఆయన నేడు. పద.

ఎక్కడికా?… ఈడు ఎటు లాగితే అటు… కాదు. అబద్దం ఎందుకు, నానే ఎల్తన్నాను. కంచె కనబడతన్నాది. ఆయన ఉన్నాడు, ఒక్కడే.

ఏటి సేస్తన్నాడా… వల కుడుతన్నాడు. కంచెకి సిరిగిన కాడ సూదితో అల్లుతన్నాడు. తొమ్మిదింటికి ఆయన్ని పొమ్మంటారు, ఏడింటికి కూర్సుని వల కుడుతన్నాడు…

బావా, ఇను. వద్దు వద్దు అనకు. మద్దేనానికి నువ్వు నీల్ల మీద ఉంటావు. ఈ ఒడ్డుమీద రోజూ ఆయన మొకం సూడాల్సింది నాను… గులాబుగాడిని తీసుకెల్లిపోతే నువ్వొచ్చాక నన్నేటన్నా అను. పడతాను. కానీ ఇది నావల్ల కాదు…

కట్ సెయ్యకు! ఉండు… నువ్వేటీ మాటాడొద్దు, ఆ సివర ఉన్నావంటే సాలు… ఆ. ఉండు మరి.

మావా!… కూర్మయ్య మావా… ఆ, నానే గౌరిని… లేవకు, కూర్సో… కంచె దగ్గరికి తేనులే, ఇదిగో, తాడు సేతికి కూడా సుట్టుకున్నాను… టీ తేనేదు మావా. నీతో ఒకటి సెప్పాల.

ఆ గూడు… సరుగుడు మొక్కల కాడిది… ఊరకుక్కలు కాదు మావా. ఈడే తవ్వినాడు. రథసప్తమినాడు ఒడ్డు కాలీగా ఉన్నాదనీసి నానే ఒగ్గీసినాను… ఇసక కప్పింది కూడా నానే. నువ్వు నీ తప్పనుకుంటన్నావు, నాను రెండు రోజులు సూస్తా ఊరుకున్నాను…

…

మావా… తిట్టు మావా…

ఎక్కడికెల్తన్నావు? మావా!

…బావా, ఎల్లిపోతన్నాడు. సూది ఇసకలో గుచ్చీసి, నీల్లకేసి ఎల్లిపోతన్నాడు… నాకేటి తెలుస్తాది, ఏడుస్తన్నాడో, కోపమో. ఎనకనుంచి బుజాలు కదుల్తన్నాయి… ఎనకాల ఎల్లనా?… వద్దా… సరే, ఇక్కడే నిలబడతాను… ఈడొకడు, నా సుట్టూ తిరిగి కాల్లకి తాడు సుట్టీస్తన్నాడు. ఉండరా బాబూ, ఒక్క నిమిసం ఉండు…

మొకం కడుక్కుంటన్నాడు, ఉప్పునీల్లతో… లేసినాడు… వస్తన్నాడు. బావా, వస్తన్నాడు…

ఆ మావా… ఆ… అవును, సిగ్గు నేదు… ఆ… నీ మొకం సూస్తా కూడా ఊరుకున్నాను… అవును… తప్పే… గుడ్లా? కిందన ఉన్నాయో నేదో సూడనేదు మావా, భయమేసినాది… ఎంత లోతంటే… మోసేయంత కూడా నేదు… ఆ, అంతే తవ్వినాడు…

…ఆ… ఆ… తెలీదు మావా. తెలిస్తే కేకేసీదాన్ని… నేదు, అది కూడా అబద్దమే. తెలిసినా అప్పుడు సెప్పకపోదును…

బావా, ఇంటన్నావా. అంత లోతుకే అయితే కింది గుడ్లు మంచిగా ఉండీవంట. ఆ సాయంత్రం ఆటో దిగి వచ్చినప్పుడు ఒక్క మాట సెప్పుంటే యాబయ్యో అరవయ్యో బతికీవంట… కుక్కని ఒగ్గినందుకు ఒక్క మాట అననేదు బావా. కప్పినందుకు తిడతన్నాడు. తిట్టనీ.

ఆ మావా, ఆఫీసరికి నానే సెప్తాను. నీ ముందరే సెప్తాను. ఊల్లో పెద్దలకి కూడా… కుక్కని తీసుకెల్తే తీసుకెల్తారు. నాను… అడ్డం రాను.

ఏటి మావా?… ఆరోజు వాసన ఎక్కడనుంచి పట్టినాడంటే… నీల్ల అంచున పరుగెడతన్నాడు, ఉన్నపలంగా తల తిప్పీసినాడు… దూరమా? ఇక్కడనుంచి ఆ ఎర్రబోటు దాకా ఉంటాది… అప్పుడు గాలి తోటవైపు నుంచే వస్తన్నాది… ఎందుకడుగుతన్నావు?

ఈడా? ఇప్పుడా?

బావా… తెల్లవారుజామున తాబేలు ఎక్కిన జాడ కనబడినాదంట. ఆ రెండు బోట్లకి అవతల. ట్రాక్టరు టైరు గీసినట్టు ఉంటాది సూడు, అదే… పోటు ఎక్కి సగం సెరిపీసినాది. గంటసేపు కర్రతో పొడిసినాడంట, గుడ్లు దొరకనేదంట… అవును, పొమ్మనే రోజున కూడా ఎల్లినాడు! ఎండ ముదిరితే కాకులు పట్టీస్తాయంట, కుక్కలు పట్టీస్తాయంట. నీ కుక్క ముక్కు అంత గొప్పదైతే సూపించమంటన్నాడు…

తెస్తన్నాను మావా… తాడు ఎంత ఒగ్గమంటావు?… బారెడు కన్నా తక్కువా… సరే, సేతికి ఇంకో రెండు సుట్లు సుడతాను… బావా, ఫోను జాకెట్లో దోపుకుంటన్నాను, ఇనబడితే ఇను…

పద గులాబూ… మెల్లిగా… మెల్లిగారా…

వాసన సూస్తన్నాడు… అది పీతరా, ఒగ్గీ… పద… నేదు మావా, ఇక్కడేటీ పట్టనేదు… ఇటా? సరే…

ఇటు కాదంటన్నాడు మావా, అటు లాగుతన్నాడు… అవును, నీల్ల వైపు కాదు, పైకి… ఆ తీగలున్నాయి సూడు, అటు…

ఆగినాడు.

మావా, ఆగిపోయినాడు! ఇదే, ఆరోజు కూడా ఇలగే వణికినాడు— కాలెత్తినాడు— వద్దు! వద్దురా! ఎనక్కి రా— మావా, బేగి, బేగి రా— నాను పట్టుకున్నాను, నువ్వు సూడు— అబ్బా, సెయ్యి— బేగి మావా—

…

మావ పొడిసినాడు… గట్టి ఇసక, కర్ర ఆగినాది… ఇంకో పక్క… ఆగినాది… ఇంకొద్దిగా ఇటు మావా, ఈడి ముక్కు కిందన…

దిగిపోనాది. మెత్తగా దిగిపోనాది బావా! మోకాల్ల మీద కూర్సున్నాడు… సేత్తో తీస్తన్నాడు… మోసేయి దాకా ఎల్లినాది…

ఉన్నాయి.

బావా, ఉన్నాయి… తెల్లగా, తడితడిగా… ఒక్కటీ సితకనేదు. ఒకటొకటి తీసి గంపలో ఇసకమీద పెడతన్నాడు… నూరు దాటుతాయంట… హలో? ఇనబడతన్నాదా? ఫోను బయటికి తీసినాను… నేదు, ఏడవడం నేదు… ఆ, ఏడుస్తన్నాను, అయితే ఏటి?

ఆ అరుపు ఈడిదే. తననే రానియ్యడం నేదనీసి గోల… ఒగ్గను. ఎంత గోల సేసినా ఒగ్గను బావా. ఇన్ని గుడ్లు సూపించినోడే, ఇప్పుడు ఒగ్గితే ఇన్నీ తినీస్తాడు. ఆడి పుట్టుక అది. నువ్వొచ్చినా ఒగ్గొద్దు, ఇప్పుడే సెప్తన్నాను.

ఏటి మావా?… రేపట్నుంచా?… ఈడితోటా!… గెడ్డ మొగ నుంచి ఆ రాతిగట్టు దాకా… ఆ, లేస్తాను. ఎలాగూ ఆ ఏలకి తలుపు గీకుతాడు కదా… వస్తాను మావా… పిల్లలు నీల్లలోకి ఎల్లీ దాకా, ఎన్ని నెలలైనా… ఆఫీసరు ఒప్పుకుంటే మరి…

బావా, ఇన్నావా? ఎవులు ఒగ్గినారో ఆల్లే పట్టుకుని రండి, అంటన్నాడు. పెద్దల కాడ కూడా తనే మాటాడతాడంట. కుక్కని సెరువుకి పంపిస్తే నా కల్లు పీకీసినట్టే అని సెప్తాడంట… నవ్వడం ఏటి? మొకం గంటుపెట్టుకునే ఉన్నాడు. నా వైపు సూడ్డం నేదు. కుక్కవైపు సూసి మాటాడుతన్నాడు… ఉండనీ. కొన్నాల్లు అలగే ఉంటాడు. ఉండాల కూడా.

నువ్వేటంటావు?… బావా?… 

…ఊఁ… 

సరే… అదిసాలు… నాకూ తెలుసు నోరు మూసుకోమన్న మాట నువ్వు కోపంలో అన్నావనీసి… ఎవులో పిలుస్తన్నారు నిన్ను, ఐసు బండి వచ్చినట్టున్నాది. ఎల్లు… బోటు మీద రాత్రిపూట అంచున కూర్సోకు… ఒడ్డు తగలగానే ముందు నాకు సెయ్యి. ఆడికి ఇనిపిస్తానులే, ఒక్క మాట…

ఏటి మావా?… ఆ, సూసినాను. తోట మలుపులో… ఇంకా ఎనిమిది కూడా కానేదు కదా! ముందే వచ్చీసినాడే…

జీపు బావా. ఆఫీసరు… భయమా? ఉన్నాది. ఉన్నా ఎల్తాను.

మావా, నువ్వు లేవకు. సేతులు గుడ్ల మీదే ఉండనీ. నానే ఎల్లి సెప్పి, ఇక్కడికి తీసుకొస్తాను…

పెట్టీస్తన్నాను బావా… ఒరే, లాగకురా, నడుం ఇరిగిపోతాది… నానూ అటే వస్తన్నా—